మేకుకు తగిలించిన నా కొక్కెం

నా నడుము మిర్చి బస్తా విరిచిందని ఊళ్లో అందరూ అనుకుంటారు. బస్తా తన వంతు పని తాను చేసింది, నిజమే. మిగతాది నేనూ మా అత్తగారూ కలిసి పూర్తి చేశాం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో గుంటూరు మిర్చి కొట్లలో బస్తాలు మోసే ముఠాలో ఉండేవాణ్ణి. ఒక మాఘమాసంలో లారీకి బస్తా ఎత్తుతుంటే నడుములో ఏదో కలుక్కుమని కూలబడ్డాను. పక్క ఊరే కదా అని బండిలో వేసి ఇంటికి చేర్చారు. బస్తాలు లాగే నా కొక్కేన్ని మేస్త్రి కొట్టు గోడకున్న మేకుకు తగిలించాడు. అది అక్కడున్నంత కాలం నా చోట్లోకి ఇంకొకణ్ణి తీసుకోకూడదని ముఠా కట్టుబాటు. గడువు ఉగాది దాకా.

డాక్టరు చూసి, "ఎముక బాగానే ఉంది. నొప్పెట్టినా మెల్లగా లేచి తిరుగు, నెలలో సర్దుకుంటుంది" అన్నాడు.

"నొప్పితో నడవమంటాడేంటి, ఆయన మనిషేనా" అంది మా అత్తగారు.

ఆవిడ దగ్గర రేకు డబ్బీలో నల్లమందు ఉండేది. మిరపకాయల కోతకు పోయేటప్పుడు చంటిపిల్లలకు ఆవగింజంత నాకించి చేలగట్టున పడుకోబెట్టేవారు. మా అమ్మాయీ అలాగే పెరుగుతోంది. ఆ సాయంత్రం మనవరాలితో పాటు నాకూ పెట్టింది. "నీ ఒళ్లు పెద్దది గదయ్యా" అని మిరియపు గింజంత.

ఏం సుఖమో చెప్పలేను. నొప్పి పోలేదు గాని పక్కింట్లో ఉన్నట్టు అనిపించింది. డాక్టరు మీద జాలేసింది. వారం తిరిగేసరికి శనగగింజంత అయింది. ఒక పూట తప్పితే ఒళ్లంతా లాగేసేది. అదీ నడుము నొప్పేనని డబ్బీ మళ్లీ తీసేవాళ్లం.

ఆ నెలలోనే మా ముఠాలో ఇంకొకడికి నడుం పట్టేసింది. వాడి పెళ్లానికి నల్లమందంటే భయం. కాపడం పెట్టి, తిట్లు తిట్టి, రోజూ వీధి చివరి దాకా నడిపించేది. వాడు మూలుగుతూ మా గుమ్మం ముందు నుంచి పోతుంటే మంచం మీద నుంచే పలకరించేవాణ్ణి.

"ఏరా, నీకెందుకురా ఈ తిప్పలు. మా అత్తను పంపనా?"

"వద్దురా, మా ఆవిడ చంపుద్ది."

వాడి గతికి మనస్ఫూర్తిగా బాధపడ్డాను.

ఫాల్గుణం గడవకముందే వాడు తన కొక్కెం తీసుకుని పనిలోకి పోయాడు. ఉగాది మర్నాడు మేస్త్రి నా కొక్కెం తెచ్చి, నా వైపు చూడకుండా మా ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని దూలానికి తగిలించి ఉట్టి కట్టింది. ఆ వారం నుంచే, నేను బస్తాలు మోసిన కొట్లోకి మిరపకాయల తొడిమలు తీయడానికి పోసాగింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గుకీ మందు ఆ డబ్బీలోనే దొరికింది.

ఇంతలో పిల్లకు నడక వచ్చింది. నడిచే పిల్లకు నల్లమందు పెట్టకూడదని మా అత్తగారి నియమం. పిల్ల రెండు రోజులు ఏడ్చి, మూడో రోజుకి మరిచిపోయి, నా మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"మరి నాకెప్పుడు మానిపిస్తావు?" అని అత్తగారిని అడిగాను. నిజంగానే అడిగాను.

ఆవిడ డబ్బీ మూత తీస్తూ, "నువ్వూ నడువు, అప్పుడు చూద్దాం" అంది.