ఏసీ గదిలో చలిమంట

చేతిలో డిప్లొమా పడగానే లోకమంతా మన మాట వినడానికి చెవులు రిక్కించుకుని కూర్చుందని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. సివిల్ డిప్లొమా పూర్తిచేసి, భీమవరం చుట్టుపక్కల ఇళ్ళు కట్టే మా మేనమామ దగ్గర పనికి కుదిరాను. కుదిరానంటే అదేదో పెద్ద హోదా అనుకోకండి. దిగిన సిమెంటు బస్తాలకు కాపలా కాయడం, మేస్త్రీలకు టీలు పురమాయించడం, మావయ్య బండికి పెట్రోలు కొట్టించడం, ఇదీ నా ఇంజనీరింగు. అప్పుడే ఆయనకు పాలకొల్లులో అపార్ట్‌మెంటు పనొకటి వచ్చింది. అది నా చేతికొస్తే మనిషినైపోతానని నా ఆశ. "ముందు ఒక్క పని, ఎవరిచేతా మాట పడకుండా పూర్తిచెయ్యరా. పాలకొల్లు నీకే," అన్నాడు మావయ్య. ఆ ఒక్క పని ఏమిటో చెబితే మీరు నమ్మరు. ధనుర్మాసంలో కూడా చొక్కా వీపుకు అంటుకుపోయే మా గోదావరి జిల్లాలో, హాల్లో చలిమంట కోసం పొయ్యి బిగించడం!

ఆ ఇంటాయన రొయ్యల చెరువుల మీద బాగా కలిసొచ్చిన పెద్దమనిషి. ఊళ్ళో అందరూ ఆయన్ని స్విట్జర్లాండ్ బాబాయిగారనేవాళ్ళు (పిన్నిగారిని తీసుకుని ఒకసారి వెళ్ళొచ్చారు, వచ్చినప్పటి నుంచి ఆయన మాటలన్నీ అక్కడే మొదలై అక్కడే ఆగేవి). అక్కడి హోటల్లో గోడలో మంట, ఎదురుగా సోఫా చూసి మనసు పారేసుకుని, కొత్త ఇంటి హాల్లో అచ్చం అలాంటి ఇటుకల గూడు, దాని మీద డాబా దాటేంత చిమ్నీ కట్టించేశారు. మొదటిసారి కట్టెలు వెలిగిస్తే పొగ చిమ్నీని కన్నెత్తి చూడకుండా నేరుగా సోఫాల్లోకి వచ్చి కూర్చుందట. అప్పుడెవరో చెబితే, ఆ గూట్లోకి దూర్చి బిగించే ఇనప పొయ్యి తెప్పించారు. అద్దం తలుపున్న పెద్ద పెట్టె అది. నలుగురు పట్టినా కదిలేది కాదు. "మరి చలి ఎక్కణ్ణుంచి వస్తుందండీ, బాబాయిగారూ?" అనడిగాను. "ఏసీ ఉంది కదండీ," అన్నారు. అంటే ఏసీ వేసి చలి తెప్పించుకుని, ఆ చలికి మంట వేసుకుని, ఆ మంట ముందు కాఫీ తాగాలన్నమాట. "ఆయ్, అలాగేనండీ," అన్నాను.

పెట్టెతో పాటు వచ్చిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను (ఊళ్ళో దాన్ని తెరిచిన మొదటివాణ్ణీ చివరివాణ్ణీ నేనే). చదివింది చెప్పడం మొదలుపెట్టాక నా కష్టాలు మొదలయ్యాయి. "పొయ్యి నెత్తిమీంచి చిమ్నీ చివరిదాకా స్టీలు పైపు వెయ్యాలండీ. లేకపోతే ఇటుకల సందుల్లోంచి వేడీ పొగా గోడల్లోకి పోతాయండీ," అన్నాను.

"చిమ్నీ ఉంది కదండీ. చిమ్నీలో మళ్ళీ చిమ్నీ ఏంటండీ? చొక్కా మీద చొక్కా తొడుక్కుంటామా?"

"మూసిన గదిలో కంటికి కనపడని విషవాయువు చేరితే నిద్రలోనే ప్రాణాలు పోతాయండీ."

"శుభమా అని పొయ్యి పెట్టుకుంటుంటే ఆ మాటలేంటి బాబూ!" అని పిన్నిగారు వంటింట్లోంచి కేకేశారు. గూటి మీద గోడకు దశావతారాలు చెక్కిన టేకు పలక ఉండేది. అది తీసి దూరంగా పెట్టాలన్నాను. "టేకు కాలదండీ," అన్నారు బాబాయిగారు. కాలుతుందండీ అన్నాను. "మామూలు టేకు కాదండీ, బర్మా టేకు," అన్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మావయ్యకు ఫోను చేస్తే, "వాదించకురా, పార్టీ చేజారిపోద్ది," అని పెట్టేశాడు. చివరికి విసిగి వేసారి, "స్విట్జర్లాండులో అందరూ పైపే వేస్తారండీ, గోడమీద టేకు ఉంచరండీ," అనేశాను. రాజమండ్రి దాటి ఎరగని నేను! బాబాయిగారు ఒక్క క్షణం ఆలోచించి, "అవునండోయ్, అక్కడ టేకు చూసిన గుర్తు లేదు," అన్నారు. దశావతారాలు ఆ సాయంత్రమే పూజగదికి తరలిపోయాయి.

ఇక పని చకచకా సాగింది. చిమ్నీలో కాపురముంటున్న పావురాలను పంపించాం. గూళ్ళన్నీ దులిపించి, పైపు దింపి, సందులు మూయించి, పైన వాన పడకుండా స్టీలు టోపీ పెట్టించాను. ఎండిన సరుగుడు కట్టెలు రెండు వేసి నేనే వెలిగించి చూశాను. పొగ బుద్ధిగా పైకి పోయింది. డాబా ఎక్కి ఆ పొగను చూస్తూ, అక్కడే పాలకొల్లులో నా గది ఎక్కడ తీసుకోవాలో కూడా నిర్ణయించేసుకున్నాను.

ఆ ఆదివారం ప్రారంభోత్సవం. బంధువులందరూ వచ్చారు, మావయ్యా వచ్చాడు. హాలు తలుపులన్నీ మూసి, రెండు ఏసీలూ చివరిదాకా తగ్గించారు. పట్టుచీరల్లో ఆడవాళ్ళు వణుకుతూ కొంగులు కప్పుకుంటుంటే, బాబాయిగారు కోటు తొడుక్కుని వచ్చి (చెమటలు కూడా ఆ కోటుతోనే వచ్చాయి) కొబ్బరికాయ కొట్టి కట్టెలు వెలిగించారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆగకముందే పొయ్యి సందుల్లోంచి పొగ పాకుతూ బయటికొచ్చింది. చూస్తుండగానే ఎవరి మొహం ఎవరికీ కనపడలేదు. దగ్గులు, అరుపులు. "తలుపులు తీయండి, బయటికి నడవండి!" అని నేను గొంతు చించుకున్నాను. కుర్చీతో సహా ఆ ఇంటి మామ్మగారిని ఎత్తుకొచ్చి వరండాలో దింపి వెనక్కి వెళ్తే, బాబాయిగారు బకెట్టు నీళ్ళతో పొయ్యి మీదికి వస్తున్నారు. "నీళ్ళు పొయ్యకండి! అద్దం పగిలి ఆవిరి మొహాన కొడుతుంది!" అని ఆయన చెయ్యి పట్టుకుని లాగేశాను. వాకిట్లో మిగిలిన ఇసుక తెచ్చి మంట ఆర్పేసరికి నేనూ పొయ్యీ ఒకే రంగులో ఉన్నాం.

బయట అందరూ నావంకే చూస్తున్నారు. "కుర్రాడి చేతిలో పెట్టేశారండీ," అన్నారెవరో. మావయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. అది తిట్టుకంటే ఘోరంగా ఉంది. పాలకొల్లు పోయిందని ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకా నవ్వుతారని, పరుగున డాబా ఎక్కాను.

పైన నా స్టీలు టోపీని నిలువునా మింగేసి, బోర్లించిన నల్లటి కుండ. దానికి సున్నపు చుక్కలు, కోరమీసాలు, బయటికి వేలాడే ఎర్రని నాలుక. ఆ వీధిలో పోయేవాళ్ళంతా తళతళలాడే ఆ పైపు వంక చూసి "ఎంత బాగుందండీ" అంటున్నారట. దిష్టి తగులుతుందని పిన్నిగారు ముందురోజు సాయంత్రం తోటమాలిచేత పెట్టించారట. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తువ్వాలుతో కుండ పట్టుకుని దిగి, అందరి మధ్యా పెట్టి, "ఇదండీ సంగతి! పొగ పోయే దారి మీద ఇది బోర్లించారండీ!" అని అరిచాను. లోపలంతా మసి. సగం మీసం మాడిపోయింది.

పిన్నిగారు కుండను అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది కూడా. పోనీలెండమ్మా అనబోయాను.

"చూశారా, ఎంత దిష్టి తగిలిందో! మొహం ఎలా మాడిపోయిందో చూడండి. ఈ కుండే లేకపోతే ఇల్లంతా అంటుకుపోయేదండీ!" అన్నారావిడ.

"ఆయ్, నిజవేనండీ," అన్నారు బంధువులంతా. బాబాయిగారు కుండకు దణ్ణం పెట్టారు. నేను నోరు తెరిచాను. మావయ్య నా కాలు తొక్కాడు. నోరు మూశాను.

దారిలో బండి ఆపి మావయ్య చాలాసేపు నవ్వి, "రేపు పాలకొల్లు పోరా," అన్నాడు.

"అందరిచేతా మాట పడ్డాను కదా మావయ్యా!"

"జనాన్ని బయటికి లాగావు, బకెట్టు ఆపావు. అది ఎవడైనా నేర్చుకుంటాడు. చివర్లో నోరు మూసుకున్నావు చూడు, అందుకిస్తున్నా."

ఇప్పుడు నాకూ ఇళ్ళు కట్టే పనులున్నాయి, నా మాటా వింటున్నారు. ప్లానులో వాస్తూ, నీళ్ళట్యాంకూ అయ్యాక, "దిష్టి కుండ ఎక్కడ కడతారమ్మా?" అని ఇంటావిడను నేనే అడిగి, పిట్టగోడ చివర ఓ కొక్కెం పెట్టిస్తాను. ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు. కానీ మసి మొహంతో కుండను సాక్ష్యంగా పట్టుకుని, నిజం చూపిస్తే చాలు లోకం ఒప్పుకుంటుందని డాబా మెట్లు దిగివచ్చిన ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. వాడు ఇప్పటి నన్ను చూస్తే మాత్రం నవ్వడేమోనని అనుమానం.