మిరప బస్తా సూదీ, మా మేనత్త మంచి చెయ్యీ

ఒక చెయ్యి పడిపోయిన మనిషికి వైద్యం పేరుతో రెండో చెయ్యి కూడా పడగొట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. నవ్వండి, మొహమాటం వద్దు. కానీ చివరిదాకా వినకుండా తిట్టారో, ఊరుకునేది లేదు.

అరవైల మొదట్లో మాట. మా మేనత్త రామక్క వరంగల్ బీటుబజార్లో ఎండుమిరపకాయల కొట్టు నడిపేది. ఆమె తక్కెడ పట్టిందంటే బజారు బజారంతా తుమ్మడం ఆపేది. అలాంటి అత్తకు ఓ పొద్దున పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి తడిగుడ్డలా వేలాడింది. కొడుకు రాజయ్య బావకు దుఃఖం వచ్చింది. దాని వెనకాలే తక్కెడ మీద ఆశా వచ్చింది.

"ఇగ ఇంట్ల కూసో అమ్మా. కొట్టు నేను జూస్కుంట."

"తక్కెడ ముట్టినవంటే ఆ రాళ్లతోనే కొడ్త. నా చెయ్యి రానియ్యి!"

చెయ్యి రావాలి. ఎట్లా? సరిగ్గా అప్పుడే కాజీపేట రైల్వేలో పనిచేసే నా దోస్తు కలకత్తా పోయొచ్చాడు. అక్కడెవరో డాక్టరు ఒంట్లో సూదులు గుచ్చి, పడిపోయిన కాళ్లూ చేతులూ లేపుతున్నాడట, అది చీనా వైద్యమట. ఎక్కడ గుచ్చాలో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఇరవయ్యేళ్లవాడికి అడిగే అలవాటుంటుందా, మీరే చెప్పండి!

"గుచ్చు అల్లుడా," అంది అత్త. "చెయ్యొస్తదంటే దబ్బనమైనా ఫికర్ లేదు."

దబ్బనమే తెచ్చాను. పంచె కొంగుతో ఓసారి తుడిచి, ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"ఓరి, అది మంచి చెయ్యిరా!"

"పడిపోయిన చేతిల గుచ్చితే పోటు పడ్డదో లేదో నీకెట్ల తెలుస్తది అత్తా? దీన్ని గుచ్చితే, చూసి అది భయపడి లేస్తది."

గుచ్చాను.

"మంట! మంటరా నాయినా!"

"నరం మేల్కుంటాంది అత్తా! జర ఓర్చుకో!"

బావ ఉరికొచ్చి దబ్బనం లాక్కున్నాడు, వాసన చూశాడు, ఇల్లెగిరిపోయేట్టు తుమ్మాడు. "ఇది మిరప బస్తాలు కుట్టేది గదరా!"

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చింది మాత్రం కారం.

తెల్లారేసరికి ఎడమచెయ్యి పూరీలా పొంగింది. అన్నం తినిపిస్తానని కోడలు కంచం పట్టుకొచ్చింది.

"నేనేమన్న అన్నప్రాసన పిల్లనా? దూరం జరుగు!"

కుడిచేతి వేళ్లు అప్పటికే ఇంతో అంతో కదిలేవి. ఎడమచెయ్యి ఉండగా వాటినెవరు పిలిచారు? ఇప్పుడు పిలవక తప్పలేదు. మొదటి ముద్ద ఒళ్లో పడింది. రెండోది చెవికి తగిలింది. నోరు దొరికేదాకా అత్త పట్టు విడవలేదు. ఎడమచెయ్యి వాపు తగ్గాక కూడా దానికి చుట్టిన గుడ్డ విప్పనివ్వలేదు. "ఇది ఖాళీగుంటే అది బద్ధకం జేస్తది," అంది.

నెలలు గడిచాక సుబేదారి నుంచి వచ్చిన డాక్టరు కుడిచేతి పిడికిలి చూసి ఆశ్చర్యపోయాడు. "ఇది సూది మహిమ కాదు. మంచి చెయ్యి మూలన కూర్చుంది గనక మెదడు ఈ చేతికి మళ్లీ పని నేర్పింది."

"దాన్ని మూలన కూర్చోబెట్టిందెవరు సార్?" అన్నాను.

ఆయన సంచీ సర్దుకున్నాడు.

అత్త కొట్టుకు వెళ్లి కుడిచేత్తో తక్కెడ ఎత్తింది. చెయ్యి గడగడా వణికింది. వణికిన ప్రతిసారీ మొగ్గు కొనేవాళ్ల వైపే! మరిపెడ నుంచి, రఘునాథపల్లి నుంచి జనం వెతుక్కుంటూ వచ్చారు. పక్క కొట్లు బోసిపోయాయి, మా బస్తాలు కరిగిపోయాయి.

బావ నన్ను చాటుకు లాగాడు. "బామ్మర్దీ, ఈ తూకంతోని కొట్టు మునుగుతాంది. ఆ దబ్బనం ఉన్నదా? కుడిచేతిల గూడ ఒక్క పోటు పొడువరాదురా!"

ఆ క్షణంలోనే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో మళ్లీ సూది పట్టనని. నాటి నుంచి నా చొక్కాల్లో ఒక్కదానికీ సరిగా గుండీలు లేవు. కావాలంటే వచ్చి చూసుకోండి. కానీ ఆ సూదిది తప్పని మాత్రం నా నోట అనిపించలేరు.