కౌంటర్‌వెయిట్ దేవదానం

2023 వానాకాలం. తల్లాడ దాటి జూలూరుపాడు వైపు వెళ్లే దారిలో ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీ. ముందు గోడకు అవతల పత్తి చేలు, వెనక గోడకు అవతల అడవి. వెనక గోడ మీద రోజంతా కోతులు కూర్చుని లోపల జరిగేదంతా చూస్తుంటాయి. నేను వెళ్లేవరకూ ఆ ఫ్యాక్టరీలో భద్రతను అంత శ్రద్ధగా గమనించినవాళ్లు అవి తప్ప ఇంకెవరూ లేరు.

నా పని ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లకు శిక్షణ ఇవ్వడం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. కాలేజీలో పాఠం చెప్పుకోవాలనుకున్నాను, గోడౌన్లలో చెప్పుకుంటున్నాను. పాఠం ఒకటే. కాలేజీలో అర్థం కాకపోతే మార్కులు పోతాయి, అంతే తేడా.

ఫోర్క్‌లిఫ్ట్‌ను దగ్గర్నుంచి చూడనివాళ్ల కోసం రెండు మాటలు. దీనికి ముందువైపు రెండు పొడవాటి ఇనప చేతులుంటాయి, వాటినే ఫోర్కులంటారు. వాటిని సరుకు కిందికి దూర్చి, పైకి లేపి మోసుకుపోతుంది. ముందు అంత బరువు పెట్టుకుని బోర్లా పడకుండా, వెనక ఒక పెద్ద ఇనప దిమ్మ ఉంటుంది. దాని పేరు కౌంటర్‌వెయిట్. పార్కులో పిల్లలు చెరో కొసన కూర్చుని ఊగే సీ-సా బల్లను గుర్తుతెచ్చుకోండి. ముందు చక్రాలే మధ్యలోని ఆధారం. ఒక పక్క సరుకు, ఇంకో పక్క దిమ్మ. ఈ ఆటలో ఎప్పుడూ దిమ్మే గెలవాలి. ఎంత సరుకు దాకా గెలుస్తుందో బండి తయారుచేసినవాళ్లే లెక్కగట్టి, ఒక రేకు మీద చెక్కి బండికి బిగిస్తారు. దాన్ని రేటింగ్ ప్లేట్ అంటారు.

ఆ ఫ్యాక్టరీలో జామాయిల్ దుంగల్ని యంత్రం మీద తిప్పి, పెన్సిల్ చెక్కినట్టు పల్చటి పొరలు తీస్తారు. ఆ పొరల పేరు వెనీర్. వాటిని ఆరుబయట ఎండబెట్టి, కట్టలుగా పేర్చి, ఫోర్క్‌లిఫ్ట్‌తో లోపలికి తీసుకెళ్లి, జిగురు పూసి నొక్కితే ప్లైవుడ్ తయారవుతుంది. ఎండాకాలంలో కట్ట తేలిగ్గా ఉంటుంది. వానాకాలంలో అదే ఎత్తు కట్ట నీళ్లు తాగి, ఎవరికీ చెప్పకుండా బరువెక్కుతుంది.

నేను వెళ్లిన మొదటి రోజు సన్నగా తుంపర పడుతోంది. ఖాజా అనే ఆపరేటర్ ఒక తడి కట్ట కింద ఫోర్కులు దూర్చి లేపాడు. కట్ట లేవలేదు కానీ బండి వెనక చక్రాలు నేల వదిలి లేచాయి. నా గుండె కూడా కొంచెం లేచింది. ఖాజా మాత్రం తాపీగా రెండుసార్లు హారన్ కొట్టాడు.

షెడ్డు చూరు కింద నుంచి ఒక భారీ మనిషి లేచాడు. చేతిలో టీ గ్లాసు. కుంటుకుంటూ వచ్చి, వెనక్కి తిరిగి, ఆ ఇనప దిమ్మ మీద కూర్చున్నాడు. రోజూ అదే బస్సులో అదే సీట్లో కూర్చునే మనిషిలా కూర్చున్నాడు. వెనక చక్రాలు నేలకు దిగాయి. బండి కదిలింది. ఆయన ఎదురుగా వస్తున్న ప్రపంచాన్ని కాకుండా వెళ్లిపోతున్న ప్రపంచాన్ని చూస్తూ టీ తాగాడు.

పక్కనున్న హమాలీ మేస్త్రి వెంకన్నను అడిగాను. "ఆయనెవరు?"

"దేవదానం, మేడం. మేం దేవన్న అంటం."

"ఏం పని చేస్తాడు?"

"కూసుంటడు."

"వానాకాలం సరే. ఎండాకాలం?"

"అప్పుడు గూడ కూసుంటడు. కానీ గప్పుడు బండి మీద కాదు."

బండి ఆపించాను. ఖాజాది ఖమ్మంలో మెకానిక్కుల కుటుంబం. బండి గురించి ఎవరైనా ఏమన్నా అంటే ఇంట్లోవాళ్లను అన్నట్టు బాధపడతాడు. "ఆయన లేకుంటే బండి గుర్రం లెక్క లేస్తది మేడం," అన్నాడు.

"లేచిందంటే, ఇది నా వల్ల కాదు అంటోందని అర్థం ఖాజా. దానికి వచ్చిన మాట అదొక్కటే. మీరేమో ఆ నోటి మీద దేవన్నను కూర్చోబెట్టారు."

హమాలీలు నవ్వారు. ఖాజా నవ్వలేదు. రేటింగ్ ప్లేట్ ఎక్కడని అడిగితే, స్టీరింగ్ పక్కన పసుపు, కుంకుమ గట్టకట్టిన చోటు చూపించాడు. ఎన్ని దసరాల పూజలో దాని మీద పేరుకుపోయాయి. చిల్లర బిళ్లతో గీకితే అంకెలు బయటపడ్డాయి.

"ఎవరు పూశారివన్నీ?"

"నేనే మేడం. అన్నం పెట్టే బండి. పండగ ఎవరిదైతే ఏంది?"

ప్లేట్ వదిలేసి చుట్టూ పూసుకోమని మాత్రం చెప్పాను.

తర్వాత అందరినీ పిలిచి అసలు విషయం చెప్పాను. వెనక చక్రాలు నేలకు తాకాయి కదా అని ధైర్యపడటానికి లేదు. ఈ బండికి స్టీరింగ్ తిరిగేది వెనక చక్రాలతోనే. అవి అంటీముట్టనట్టు ఉంటే బండి మన మాట వినదు. పైగా పల్లంలో బ్రేక్ వేస్తే బరువంతా ముందుకు తూలుతుంది, వెనక భాగం మనిషితో సహా పైకి లేస్తుంది. కట్ట జారిపోగానే అదే వేగంతో కిందికి పడుతుంది. మనిషి ఎక్కడ పడతాడో ముందుగా చెప్పగల ఫిజిక్స్ నేను చదవలేదు.

"దేవదానం గారూ, దిగండి," అన్నాను.

"గారు అంటున్నరంటే ఏదో అయ్యేటట్టే ఉంది," అంటూ దిగాడాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

టీ వేళ వెంకన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మేడం, మీరు చెప్పింది అబద్ధమని అంటలేను. కానీ ఒక్క మాట ఇనండ్రి. దుంగ మీద పడి దేవన్న మోకాళ్లు పోయినయ్. మోయలేడు. మోయని మనిషిని తీసెయ్యమని మేనేజర్ సారు ఎప్పటికెళ్లో అంటుండు. మా హమాలీ సంఘంల కట్టుబాటు ఒకటే. బరువు కాడ ఉన్నోనికి అందరితోని సమాన వాటా. అందుకే బండి మీద కూసోబెట్టినం. బరువు కాడ ఉన్నట్టే గద?"

ఇన్ని రోజులూ ఆ మనిషి బండిని బోర్లా పడకుండా ఆపుతున్నాడని ఫ్యాక్టరీ అనుకుంటోంది. బండే ఆ మనిషిని పడిపోకుండా ఆపుతోందని హమాలీలకు తెలుసు.

దేవదానం కొంచెం దూరంలో తడి దుంగ మీద కూర్చుని వింటున్నాడు. కోపం లేని గొంతుతో అన్నాడు. "మీరు దిగమన్నరు, దిగిన. దిగి ఏడికి పోవాల్నో గది గూడ చెప్పండ్రి మేడం."

నా శిక్షణ సిలబస్‌లో అరవై స్లైడ్లున్నాయి. వాటిలో ఈ ప్రశ్న లేదు. రేపు మాట్లాడదాం అన్నాను. జవాబు తెలియని చదువుకున్నవాళ్లు ఎక్కడైనా అనే మాటే.

మర్నాడు వాన పెద్దదైంది. వెనీర్ కట్టల్ని వేరే ఫ్యాక్టరీకి తీసుకెళ్లే లారీ బయట వేచి ఉంది. నేను లోపలి షెడ్డులో, మనుషులు నడవాల్సిన దారికి నేల మీద పసుపు గీతలు వేయిస్తున్నాను. అప్పుడు వినపడింది. రెండు హారన్లు.

ఆ పిలుపు ఎవరికో నాకు అప్పటికే తెలుసు. పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి బండి షెడ్డు నుంచి యార్డులోకి ఏటవాలు ర్యాంపు దిగుతోంది. ముందు తడి కట్ట, వెనక దేవదానం. సరుకుతో పల్లం దిగేటప్పుడు బండిని రివర్స్‌లో దింపాలి, సరుకు ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి. ఆ సంగతి ముందు రోజే చెప్పాను. ఖాజాకు గుర్తుంది కూడా. కానీ వెనక అంత మనిషి కూర్చుని ఉంటే వెనక్కి చూసి నడపడమెలా? అందుకని ముందుకే దింపుతున్నాడు. "ఆపు" అని అరిచాను. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను, ఆ అరుపు విని అతను బ్రేక్ వేసి ఉంటే తప్పు నాదయ్యేదని. కానీ ఖాజాకు అది వినపడలేదు. ర్యాంపు అడుగున నిలిచిన నీళ్లు చూసి తనంతట తానే బ్రేక్ వేశాడు.

బండి వెనక భాగం నెమ్మదిగా, వంగి దణ్ణం పెడుతున్నట్టు పైకి లేచింది. దేవదానం చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది టీ గ్లాసు. కట్ట ఫోర్కుల మీంచి జారి, పేకముక్కల్లా యార్డంతా పరుచుకుంది. ఆ వెంటనే వెనక భాగం దబ్బున నేలకు దిగింది. ఆయన ఎగిరి పక్కన బురదలో పడ్డాడు.

కోతులు గోడ మీంచి మాయమయ్యాయి. ఖాజా స్టీరింగ్ వదలకుండా అలాగే కూర్చున్నాడు. "దేవన్నా," అన్నాడు. మళ్లీ అన్నాడు, "దేవన్నా, మాట్లాడు."

దేవదానం లేచి కూర్చుని, తన కాళ్లను రెండిటినీ చూసుకున్నాడు. "నా చెప్పు ఏది?" అన్నాడు.

చెప్పు వెనక చక్రం కింద ఉంది. బండిని వెనక్కి తీస్తే వచ్చింది. అప్పడంలా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. అందరం దాన్నే చూశాం.

మేనేజర్ శేషగిరిగారు గొడుగేసుకుని వచ్చారు. సత్తుపల్లి మనిషి, మాట మెత్తగా ఉంటుంది. ఆయనే లారీకి ఆలస్యమవుతోందని, మేడం లోపల ఉందిలే అని, దేవదానాన్ని ఎక్కమన్నారని తర్వాత తెలిసింది. "ఏం కాలేదు కదా? మా దగ్గర ఇప్పటిదాకా ఒక్క యాక్సిడెంటూ..." అని మొదలుపెట్టి, చెప్పును చూసి ఆగిపోయారు. నేను ప్రతి ఫ్యాక్టరీలోనూ ఆ వాక్యం వింటాను. అది సగంలో ఆగడం వినడం అదే మొదటిసారి.

జూలూరుపాడు దవాఖానాలో చూపించాం. నడుము కమిలింది, ఎముకలు బాగున్నాయి. సాయంత్రం షెడ్డులో అందరం కూర్చున్నాం. శేషగిరిగారే ముందు మాట్లాడారు.

"ఇంక ఈయన్ని పంపించెయ్యడమే మంచిదండీ. మీరే అన్నారుగా, బండెక్కకూడదని. రేపేదైనా జరిగితే ఎవరు సమాధానం చెప్తారు?"

నా మాటే నా చేతికిచ్చి, దేవదానాన్ని గేటు బయట పెట్టమంటున్నారు. దేవదానం తల వంచుకుని, మిగిలిన ఒక్క చెప్పును కాలితో అటూ ఇటూ జరుపుతున్నాడు.

"ఎక్కకూడదన్నానండీ. ఉండకూడదనలేదు," అన్నాను. చెప్పేశాను కానీ, తర్వాతి వాక్యం కోసం చుట్టూ చూశాను. షెడ్డు మూలన, గోనెపట్టాల కింద ఒక ప్లాట్‌ఫాం కాంటా ఉంది. నేలకు ఆనుకుని ఉండే పెద్ద కాంటా. ఒకప్పుడు దుంగలు తూచేవాళ్లట. రోడ్డు మీద లారీనే తూచే పెద్ద కాంటా వచ్చాక దీన్ని వదిలేశారు.

"అది పనిచేస్తుందా?"

"చేస్తది," అన్నాడు ఖాజా.

అందరికీ చెప్పాను. ఇక్కడి ఇబ్బందంతా కట్ట ఎత్తు చూసి బరువు ఊహించడంలో ఉంది. కట్ట పేర్చాక తూచాలంటే మళ్లీ బండే లేపాలి, అదే ప్రమాదం. అందుకని కట్టను కాంటా మీదే పేర్చాలి. పొరలు వేస్తూ పోవాలి, బండి ప్లేట్ మీదున్న అంకెకు కొంచెం ఇవతలే ఆపాలి. ఎండాకాలం కట్ట ఎత్తుగా వస్తుంది, వానాకాలం పొట్టిగా వస్తుంది. ఆపమని చెప్పడానికి కాంటా దగ్గర ఒక మనిషి కావాలి. మోకాళ్లతో పనిలేదు.

శేషగిరిగారు ముఖం అదోలా పెట్టారు. "కూర్చుని అంకెలు చూసినందుకు కూలీనా?"

"ఇన్నేండ్లు కూసున్నందుకే ఇచ్చినం గద సార్," అన్నాడు వెంకన్న. "గిప్పుడు కండ్లు గూడ తెరిచి కూసుంటడు."

అప్పుడు అందరూ నవ్వారు. శేషగిరిగారు కూడా, వేరే దారి లేక.

వెంకన్న దేవదానం వైపు తిరిగాడు. "కాంటా గూడ బరువు కాడనే గద దేవన్నా. వాటాకు ఇబ్బంది లేదు."

"అవ్," అన్నాడు దేవదానం. నడుము పట్టుకుని, "కుర్చీకి చేతులుంటే మంచిగుంటది. ఈ నడుము ఇప్పుడే లేచేటట్టు లేదు," అన్నాడు.

మరుసటి వానాకాలం ఆ ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్లాను. బయట లారీ ఉంది, వాన ఉంది, తొందర ఉంది. చేతులున్న కుర్చీలో దేవదానం కూర్చుని ఉన్నాడు. హమాలీలు కాంటా మీద పొరలు వేస్తున్నారు.

"ఆపుండ్రి," అన్నాడాయన.

"ఇంకో నాలుగు వెయ్యనివ్వు దేవదానం, ఒక ట్రిప్పు తగ్గుద్ది," అన్నారు శేషగిరిగారు గొడుగు కింద నుంచి.

"తగ్గుతది సార్. కానీ ఆ నాలుగింటికి వెనక ఎవరన్న కూసోవాలె. మీరు కూసుంటరా?"

శేషగిరిగారు లోపలికి వెళ్లిపోయారు. కట్ట అక్కడే ఆగింది. ఖాజా దాన్ని ఎత్తుకుని, మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ, ర్యాంపును రివర్స్‌లో దిగాడు. ఇప్పుడు వెనక అడ్డమేమీ లేదు.

కాంటా స్తంభానికి ఆ అప్పడం చెప్పు మేకుతో కొట్టి ఉంది. లారీకి వేలాడదీసినట్టు దిష్టికి కట్టారని కొత్త డ్రైవర్లు అనుకుంటారట. "చర్చికి పోయేటోనివి, దిష్టి చెప్పేంది?" అని ఒకతను అడిగాడట కూడా. కుర్చీలోంచి లేవకుండానే దేవదానం, ఇంకా తన కాలికున్న ఆ జతలోని రెండో చెప్పు చూపించాడట.

ఈ పనిలో నాకు ఆ తర్వాత ఎన్నో ఫ్యాక్టరీలు తగిలాయి. చెయ్యకూడని పని ఎక్కడ కనపడినా ఆపిస్తాను, అందులో ఆలోచించేదేమీ లేదు. కానీ అలాంటి పని వెనక ఒక్కోసారి ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. దిగమంటే దిగుతారు. దిగి ఎక్కడికి పోవాలో అడిగే ధైర్యం అందరికీ ఉండదు. అందుకని ఇప్పుడు నా సిలబస్‌లో అరవై ఒకటో స్లైడ్ ఉంది. దాని మీద ఒక్క ఖాళీ కుర్చీ బొమ్మ, అంతే. మిగతా అరవైకీ అందరూ తలలూపుతారు. దీని దగ్గరికి వచ్చాక మాత్రం ఎవరో ఒకరు, ఇదెందుకు మేడం, అని అడుగుతారు. అప్పుడు దేవదానం గురించి చెబుతాను.