ఏడు ఉత్తరాలతో నరసన్నపేటకి

మా శృంగవరపుకోట చర్చిలో నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. రొట్టె పళ్ళెం వరసల్లోకి వచ్చేముందు పాస్టరుగారు ప్రతిసారీ ఒకే మాట చెబుతారు. ఎవరితోనైనా సరిచేసుకోవలసింది ఉంటే ముందు అది చేసుకుని రండి అని. ఏళ్ళ తరబడి ఆ మాట వింటూనే రొట్టె అందుకున్నాను. రిటైరైన మరుసటి ఏడు, అంటే రెండు వేల పదహారులో, ఎందుకో చెయ్యి రాలేదు. వరసగా మూడు నెలలు పళ్ళెం పక్కవాళ్ళకి అందించేశాను.

మూడోసారి ఇంటికి రాగానే మా ఆవిడ అడిగేసింది. "ఏటయ్యింది మీకు? సంఘమంతా సూస్తన్నారు."

చెప్పాను. ఆవిడ బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏరింది. తల ఎత్తకుండానే, "ఆ పిల్ల ఎక్కడున్నాదో కనుక్కోండి. ఎళ్ళండి," అంది.

నేను చెప్పింది ఇది. విజయనగరంలో పిల్లల హాస్టలు నడిపే ఒక సంస్థలో ఉత్తరాల గుమాస్తాగా పనిచేశాను. హాస్టల్లో ఒక్కొక్క పిల్లకి విదేశంలో ఒక్కొక్క దాత ఉండేవారు. దాత ఇంగ్లీషు ఉత్తరాన్ని తెలుగు చేసి పిల్లకి ఇవ్వడం, పిల్ల జవాబుని ఇంగ్లీషు చేసి పంపడం నా పని. చాలామంది దాతలు అచ్చు కార్డు మీద సంతకం పెట్టి ఊరుకునేవారు. రూతు అనే ఎనిమిదేళ్ళ పిల్లకి మాత్రం కెనడా నుంచి మార్గరెట్ అనే పెద్దావిడ ఏడాదికొకసారి నాలుగేసి పేజీలు గొలుసుకట్టు రాతలో రాసేది. మొదటి ఉత్తరం బద్ధకించి పక్కన పెట్టాను. రెండోదాంట్లో మొదటిదాని సంగతులున్నాయి. అది ఇస్తే మొదటిదేదని అడుగుతుంది కదా! అదీ ఉంచేశాను. జవాబులు రూతు పేరుతో నేనే రాసి పంపాను. శనివారం మధ్యాహ్నం పిల్లలు ఆఫీసు గుమ్మంలో వరస కట్టేవారు. రూతు వంతు వచ్చినప్పుడల్లా "రాలేదమ్మా" అనేవాణ్ణి. అలా ఏడేళ్ళు, ఏడు ఉత్తరాలు.

బద్ధకమొక్కటే అయితే ఒప్పుకోవడం తేలికయ్యేది. మాకు పిల్లల్లేరు. నాకు ఉత్తరం రాసేవాళ్ళూ లేరు. మూడో ఏటి నుంచి ఆ ఉత్తరం కోసం ఎదురుచూసింది నేనే. "నా చిట్టితల్లికి" అని ఆవిడ మొదలుపెడితే, ఆ పిలుపు నాది కాదని తెలిసీ తలుపు దగ్గరగా వేసుకుని చదువుకునేవాణ్ణి.

పాత వార్డెనుగారికి ఫోన్ చేస్తే రూతు ఆచూకీ దొరికింది. నరసన్నపేట దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచరట. పది రోజులు కూర్చుని ఏడు ఉత్తరాలకీ తెలుగు రాశాను. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక గురువారం బయల్దేరాను.

ఉదయం అయిదున్నరకి శృంగవరపుకోటలో బస్సెక్కితే ఏడు కాకుండానే విజయనగరం. పలాస వైపు పాసింజరు ముప్పావుగంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద టీ తాగి, ఎనిమిదింపావుకి రైలెక్కాను. చీపురుపల్లిలో ఒకామె వంకాయల గంపతో ఎక్కి నా ఎదురుగా నిలబడింది.

"బాబూ, ఆ సంచీ పైనెట్టీసి కూసింత చోటియ్యి."

"ఒళ్ళో ఉంచుకుంటానమ్మా, నువ్వు కూర్చో," అని జరిగాను.

"ఏటంత గట్టిగా పట్టుకున్నావు? బంగారమేటి?"

"ఉత్తరాలు."

"కాయితాలా! కాయితాలెవలు ఎత్తుకుపోతారు బాబూ?" అందామె. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

కొత్తగా వెళ్ళేవారికి ఒక మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళం ఊరు బస్సులో అరగంట దూరం. పది దాటాక అక్కడ దిగి, పదకొండుకి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు చేరాను. ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ, అల్లం పచ్చడి. పచ్చడి బాగుందిగానీ రెండో ఇడ్లీ దిగలేదు. నేనెక్కిన నరసన్నపేట బస్సు హైవే మీద ఎక్కడా ఆగకుండా పోయింది. మడపాం దగ్గర వంశధారలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ కనిపించింది. పన్నెండుకి నరసన్నపేటలో షేర్ ఆటో ఎక్కాను.

"అంగన్‌వాడీకా? మా పాప ఆ మేడమ్ కాడికే ఎళ్తాది," అన్నాడు ఆటో అతను. "మీరు ఆవిడికి ఏటవుతారు?"

"పాత మేస్టార్ని," అన్నాను.

నేను వెళ్ళేసరికి పిల్లలు అన్నం తింటున్నారు. రూతు చిన్న మనిషి, చేతిలో పప్పు గరిటె. నన్ను చూసి గరిటె ఆయాకి ఇచ్చేసింది.

"మీరు 'రాలేదు మేస్టారు' కదా?" అంది. "హాస్టల్లో అందరం మిమ్మల్ని అలాగే పిలిసేవోళ్ళం."

పిల్లలు చేతులు కడుక్కున్నాక, అరుగు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. కట్ట చేతికిస్తే ఒక్కొక్క ఉత్తరం తిప్పి తేదీలు చూసింది.

"నేను ఏడో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. ఆ ఏడాదిది ఏది?"

తీసి ఇచ్చాను. ఆఫీసు వాళ్ళు ఆ కబురు కెనడాకి పంపారు. మార్గరెట్ గారు ఆ ఉత్తరంలో ఎక్కువగా చిన్నప్పుడు పోయిన తన తల్లి గురించే రాసింది. రూతు గోడ వైపు తిరిగి చదువుకుంది. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను పిల్లల చెప్పులు చూస్తూ కూర్చున్నాను.

ఇటు తిరిగాక అడిగింది. "ఇందులో దారమంటాదేటి? నా ఎత్తుకి దారం కొలిసి పంపమని?"

"ఏటేటా అడిగేవారు. వంటగది గోడ మీద నీ ఎత్తు గుర్తు పెట్టుకుంటానని."

"పంపేరా?"

"పంపాను."

"ఎవల్ని కొలిసి?"

"ఎవర్నీ కొలవలేదు. వయసుకి తగ్గట్టు అటూ ఇటుగా తెంపేవాణ్ణి."

"ఆకర్ది ఎంత?"

లేచి నిలబడి నా చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. నా భుజం దాటలేదు. ముందు ఆయా నవ్వింది, తరవాత రూతూ నవ్వేసింది. అంతలోనే ఆ నవ్వు పోయింది.

"అయితే ఆవిడ గోడ మీద ఉన్నది నేను కాదన్నమాట."

లోపలికెళ్ళి దారం ఉండ తెచ్చింది. పిల్లల ఎత్తు చూసే గోడకి ఆనుకుని నిలబడి, కొలవమని ఆయాకి ఇచ్చింది.

"ఏటి మేడమ్, ఈ వయసులో మీకూ ఎత్తు రాయాలేటి?" అంది ఆయా.

"సరిగ్గా కొలువు. మడమ కాడ పట్టుకో."

తరవాత నోటుపుస్తకంలో కాగితం చించి, సగం తెలుగు సగం ఇంగ్లీషులో ఒక పేజీ రాసింది. "ఇలా ఇవ్వమ్మా, ఇంగ్లీషు చేస్తాను," అని చెయ్యి చాపాను.

"వద్దు మేస్టారూ. మీరు అడ్రసు సెప్పండి, సాలు."

సెంటరు మూసి, నాతోపాటే ఆటోలో నరసన్నపేట పోస్టాఫీసుకి వచ్చింది. కవరు మీద అడ్రసు తనే రాసింది. దారిలో ఒక్కసారి మాత్రం, "ఆవిడ ఇంకా ఉన్నాదంటారా?" అంది. చివరి ఉత్తరంలో ఆవిడ అక్షరాలు వణికాయి. తెలీదన్నాను. కౌంటరులో అతను కవరు తడిమి చూశాడు.

"లోపలేటున్నాదమ్మా?"

"దారం."

"కెనడాలో దారం దొరకదేటి?"

"నా అంత దారం దొరకదండి," అంది రూతు.

నాలుగు గంటలకి నన్ను బస్సెక్కించింది. మధ్యాహ్నం ఏమీ తినలేదు కదా అని రెండు అరటిపళ్ళు కొని చేతిలో పెట్టింది. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. కిటికీలోంచి, "జవాబొస్తే..." అని మాత్రం మొదలుపెట్టాను.

"వస్తే నాకొస్తాది మేస్టారూ," అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఆమదాలవలసలో అయిదున్నరకి రైలు దొరికింది, కూర్చోవడానికి చోటూ దొరికింది. శృంగవరపుకోట నుంచి పొద్దున్నే బయల్దేరితే రాత్రి భోజనం వేళకి తిరిగి ఇల్లు చేరవచ్చు. అంత దగ్గర ఊరికి వెళ్ళడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ ఏడు ఉత్తరాలూ నాకు కంఠతా వచ్చు. నాలుగోదాంట్లో మార్గరెట్ గారు, మా కిటికీలోంచి మంచు తప్ప ఏమీ కనబడదు, నీ కిటికీలోంచి ఏం కనబడుతుందో రాయి అని అడిగింది. దూసి స్టేషను దాటాక బయట కోసిన మళ్ళలో మినప చేలు, గట్ల మీద తాటిచెట్లు, పశువుల్ని తోలుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. వాటిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని మనసులో పేర్చుకుంటూ రెండు వాక్యాల దాకా వెళ్ళిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ అడిగింది నన్ను కాదని.