బెంచీ పక్కకు తిప్పిన మానిటర్

పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తి, లావు మానిటర్ స్విచ్ వేస్తిని. లోపల టక్కుమనె. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చె. గాజు మింద చెయ్యి పెడితే చేతి మింది వెంట్రుకలు లేచి నిలబడె. ఆ వాసన తగిలితే చాలు, పద్మక్క పక్కనే నిలబడుకోని ఉన్నట్ల ఉంటాది నాకు. అక్క మొన్న పాయె. దినాలకు పెట్టేకి అక్క ఫోటో ఈ పొద్దు చేయల్ల. చేస్తే అది అక్క మాదిరే ఉండల్ల. చెయ్యి ఆడక, ముందు ఈ నాలుగు మాటలు రాస్తాండా. రాసేది నాకు కొత్త. నేను చదివింది ఐదో తరగతి దాకా, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు అక్కే నేర్పె, ఫోటోల కింద పేర్లు రాసేకి.

చింతామణి బస్టాండు వెనక సందులో అక్క స్టూడియో. వాళ్ళ నాయన పెట్టింది. అక్క పెండ్లి చేసుకోలా, స్టూడియోనే చూసుకునె. నేను ఊడ్చేకి, టీ తెచ్చేకి చేరితిని. "నీ చేతులు నిమ్మళంగా ఉండాయి, మౌస్ పట్టుకో" అని నన్ను కంప్యూటర్ ముందర కూర్చోబెట్టె. మా దగ్గరికి ఎక్కువ వచ్చేది పోయినోళ్ళ ఫోటోలే. వోటరు కార్డులో ఉండే గోరంత ఫోటో తెచ్చి, గోడకు పెట్టేంత పెద్దది కావల్లంటారు. దాన్ని పెద్దది చేసి, గీతలు తుడిచి, మొగం తెల్లగా చేసి, మగోళ్ళకు కోటు, ఆడోళ్ళకు పట్టుచీర వేసి ఇస్తాంటిమి.

ఒక దినం అక్క ఇంట్లో మూల పడిన ఈ లావు మానిటర్‌ను మోసుకోని వచ్చె. "దీన్నీ మన కంప్యూటర్‌కే తగిలిస్తా. ఫోటోలకు వచ్చినోళ్ళు కూర్చునే బెంచీ పక్కకు తిప్పి పెడదాం. మనం చేసేది వాళ్ళూ చూడల్ల."

"వద్దక్కా. నా తప్పులన్నీ అందురూ చూస్తారు."

"చూడనీ. చూస్తేనే కదా చెప్తారు."

మా కంప్యూటర్ అప్పటికే ముసలిది. వెనక మానిటర్ వైరు పెట్టేకి ఒకే తూటు. అక్క చిక్కబళ్ళాపురానికి పోయి, రెండు తూట్లుండే పాత కార్డు ఒకటి తెచ్చి, డబ్బా విప్పి లోపల గుచ్చె. స్విచ్ వేస్తే కొత్తది వెలగలా, ఉండేది కూడా ఆరిపాయె. అక్క టార్చి నోట్లో పెట్టుకోని మేజా కిందికి దూరె. శానా సేపటికి బయటికి వచ్చి నవ్వె. కార్డు గుచ్చినాక పాత తూటు పని చేయదంట, రెండు వైర్లూ కార్డుకే పెట్టల్లంట. పెడితే రెండూ వెలిగె.

అయినా బెంచీ పక్క మానిటర్‌లో ఉత్త నీలం రంగే. పైగా నా మౌస్ బాణం యాడికో పాయె. నేను మౌస్‌ను ఎత్తి, ఊది, తట్టి వెతుకుతాంటే, బెంచీ మింద కూర్చున్న అవ్వ చెప్పె. "మీ బాణం మా పక్కకు వచ్చి మేస్తాండాది తల్లీ. తోలుకోని పో."

అక్క పడి పడి నవ్వె. తరువాత యాడో నొక్కి, రెండింట్లో ఒకే బొమ్మ వచ్చేటట్ల చేసె.

ఆ అవ్వ నారాయణమ్మ. మొగుడు పోయినాడని పాతపాళ్య నుంచి వోటరు కార్డు పట్టుకోని వచ్చింది. ఆయమ్మ బెంచీ మింద నుంచి నా పనే చూస్తాండె. బాగా చేయల్లని ఆ పెద్దాయన నొసటి గీతలు తుడిస్తిని, కంటి కింద మచ్చ తీసేస్తిని, తెల్లగా చేస్తిని, మెడలో తువ్వాలు తీసి కోటు వేస్తిని.

"బాగుండాడా అవ్వా?"

"బాగుండాడు. ఎవురమ్మా ఈయప్ప, తహశీల్దారా?" అనింది. మళ్ళా గొంతు మారిపాయె. "మా ఆయప్పను తుడిచేస్తిరా? ఇంట్లో ఇంకో ఫోటో లేదే తల్లీ."

అక్క వచ్చి అవ్వ పక్కన కూర్చునె. "యాడికీ పోలేదవ్వా. వెనక్కి వస్తాడు, చూస్తాండు." నాతో, "ఒక్కొక్కటే వెనక్కి తీ. బిరీన వద్దు" అనె.

నేను వెనక్కి తీస్తా పోతిని. కోటు పాయె, తువ్వాలు వచ్చె. తెలుపు పోయి ఎండకు కాలిన రంగు వచ్చె. గీతలు వచ్చె. కంటి కింద మచ్చ వచ్చె.

"నిలుపు తల్లీ. వచ్చినాడు."

అవ్వ లేచి పోయి గాజు మింద చెయ్యి పెట్టె. ఆయమ్మ చేతి మింది వెంట్రుకలు లేచి నిలబడె. అది కరెంటుకని నాకు తెలుసు. ఆయమ్మకు చెప్పలా.

అప్పుటి నుంచి ప్రింటు వేసే ముందర "వచ్చినారా?" అని అడిగేది మా స్టూడియోలో వాడుకాయె. కోటు కావల్లనే వాళ్ళకు అక్క కోటే వేసి ఇచ్చె. "వాళ్ళ ఆశ అది" అనె. అడక్కుండా మాత్రం ఒక మచ్చ కూడా తీయనీలా.

పొద్దున ఇంతవరకు రాసి నిలిపితిని. సాయంత్రం నా కూతురు శిల్ప వచ్చె. పోయినేడు కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడు రిపేరీ అబ్బాయి ఈ లావు మానిటర్ వైరు దీనికి పట్టదు, పారేయమన్నాడు. నేను వైరుకూ కంప్యూటర్‌కూ మధ్యలో పెట్టే చిన్న ముక్క తెప్పించి తగిలించుకుంటిని. ఇప్పుడు శిల్పను మౌస్ దగ్గర కూర్చోబెట్టి, నేను పోయి బెంచీ మింద కూర్చుంటిని. ఇన్నేండ్లలో నేను ఆ పక్క కూర్చునింది లేదు.

ఊరందరి ఫోటోలు తీసిన అక్కకు, తనది ఆధార్ కార్డులోదే ఉండాది. శిల్ప దాన్ని పెద్దది చేసి, ముక్కు మింద కండ్లద్దాలు ఒత్తుకున్న గుంతలు తుడిచె.

"అవి తీయొద్దు పాపా. వెనక్కి రా."

"గుంతలమ్మా అవి. బాగుండవు."

"ఉండనీ. మేజా కింద దూరినప్పుడు కూడా అద్దాలు తీసేది కాదు అక్క."

శిల్ప వెనక్కి తీసె. గుంతలు వచ్చె.

"పెద్దమ్మ వచ్చిందామ్మా?" అని అడిగె.

నేను లేచి పోయి గాజు మింద చెయ్యి పెడితిని. వెంట్రుకలు లేచె. శిల్ప చూసె గానీ, అది కరెంటుకని చెప్పలా.