దిల్షాద్ బీ మూడోసారి

దిల్షాద్ బీ దేన్నైనా మూడుసార్లు అడుగుతుంది. తక్కువ కాదు, ఎక్కువ కాదు, సరిగ్గా మూడుసార్లు. చిత్తూరులో ఆమె ఉండే వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారం ఆమెకు చెవుడు అనుకుంటారు. రెండో వారం మతిమరుపు అనుకుంటారు. మూడో వారానికి వెనక సందులోంచి నడవడం నేర్చుకుంటారు.

"టీ తాగుతావా?" అంటుంది.

"వద్దు చిన్నమ్మా, ఇప్పుడే తాగినా."

"నిజంగా వద్దా?"

"నిజంగానే వద్దు."

"మనసులో మాట చెప్పు. తాగుతావా?"

మూడోదానికి వచ్చేసరికి ఎంతటి మొండివాడైనా గడప మీద కూలబడి, "సరే, రోంత పొయ్యి" అంటాడు. ఈలోగా టీ చల్లారిపోయి ఉంటుంది. వేడి చెయ్యాలా వద్దా అన్నది ఇంకో మూడు ప్రశ్నలు.

ఆమె భర్త సుల్తాన్ సాహెబుకు బజారులో గడియారాలు బాగుచేసే అంగడి ఉంది. నలభై ఏళ్ళు ఈ ప్రశ్నల కింద నలిగి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆమె నోరు తెరవగానే "వద్దు, వద్దు, వద్దు" అని మూడు జవాబులూ ఒకేసారి అప్పగించేవాడు.

"అట్ల చెల్లదు" అనేది దిల్షాద్ బీ. "అడక్కముందే చెప్పింది జవాబు కాదు" అని మళ్ళీ మొదటినుంచి అందుకునేది.

ఆమె ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుట్టేది. పెళ్ళి కుదిరిన అమల టీచరు ఒకసారి గుడ్డ తెచ్చి, వెనక మెడ లోతు తక్కువే ఉండాలంది. రెండోసారి అడిగితే తక్కువే అంది. మూడోసారి అడిగేసరికి తల దించుకుని, "తక్కువైతే మా అత్తకి బాగుంటాదంట" అంది. దిల్షాద్ బీ టేపు రెండంగుళాలు కిందికి జరిపింది. ఆ రవిక కుట్టింది ఎవరని పెళ్ళిలో అందరూ అడిగారు. ఒక్కసారే అడిగారు.

అదే ఇంటి పక్క వాటాలో అద్దెకుండే రేవతికి ఈ అలవాటంటే మొదట్లో ఒళ్ళు మండేది. ఆమె బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని చేసేది. రోజంతా కాయలు కదిలే బెల్టు దగ్గర నిలబడి, బస్సులో నిలబడి ఇంటికొస్తే, కూర కావాలా అని మూడుసార్లు జవాబు చెప్పే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? పైగా రేవతిది దానికి సరిగ్గా ఎదురు గుణం. ఎవరు ఏమన్నా ఆమెది ఒకటే మాట: సరే. సూపర్వైజరు ఆదివారం రమ్మంటే సరే. ఆడబిడ్డ పిల్లల్ని నెల రోజులు వదిలిపోతానంటే సరే. అందుకని మొదటి ప్రశ్నకే సరే అనేసి కూరగిన్నె అందుకుని తలుపేసుకునేది. మిగతా రెండు ప్రశ్నలూ తలుపు అవతలినుంచి వినబడేవి.

"ఈ మూడు లెక్క యాడ పట్టినావు చిన్నమ్మా?" అని ఒకరోజు రేవతి అడిగేసింది.

"మా నిఖాలో పెండ్లికూతుర్ని మూడుసార్లు అడగతారు బిడ్డా. ఆమె తరపున మాట్లాడే వకీలూ, ఇద్దరు సాక్షులూ ఆమె ఉండే గది దగ్గరికే వస్తారు. ఖుబూలేనా, ఇష్టమేనా అని అడగతారు. మొదటిసారి భయపడి చెప్తాము. రెండోసారి మొగమాటానికి చెప్తాము. మూడోసారి గానీ మనసులోది బయటికి రాదు."

"అది పెండ్లి. కూరకి కూడానా?"

"కూర నచ్చకపోతే తలాక్ చెప్పలేవు కదా, తినాల్సిందే" అంది దిల్షాద్ బీ గంభీరంగా.

ఇలా నవ్వులాటగా గడిచిపోతుండగా రేవతికి ఒంట్లో బాగాలేకుండా పోయింది. నాలుగు నెలలుగా నెలసరి ఆగకుండా అయ్యేది. మొహం పాలిపోయి, బెల్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. భర్త మునిప్రసాద్ ఆమెను ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాడు. పెద్ద డాక్టరు స్కాన్ చూసి, "గడ్డ ఉంది. ఇద్దరు పిల్లలున్నారు కదా, గర్భసంచి తీసేద్దాం, పీడ వదిలిపోతుంది" అని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. రేవతి సరే అంది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్ళు. మర్నాడు పొద్దునే ఆపరేషన్ అన్నారు.

మధ్యాహ్నం దిల్షాద్ బీ క్యారియర్ పట్టుకుని వచ్చింది. మంచం మీద రేవతి గోడకు తిరిగి పడుకుని ఉంది.

"ఆపరేషన్ నీకు ఇష్టమేనా బిడ్డా?"

"సరే అన్నా కదా చిన్నమ్మా."

"ఇష్టమేనా?"

"వాళ్ళు చదువుకున్నోళ్ళు. చెప్పినాక సరే అనాల కదా."

దిల్షాద్ బీ క్యారియర్ కింద పెట్టింది. రేవతి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నీకు ఇష్టమేనా?"

ఈసారి తలుపు వేసుకోవడానికి అక్కడ తలుపు లేదు. రేవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను ఎవురూ అడగలేదు చిన్నమ్మా. ఏం తీస్తారో, తీస్తే ఏమైతాదో, తీయకపోతే ఏమైతాదో నాకేం తెల్దు. భయంగా ఉండాది."

దిల్షాద్ బీ లేచి బుర్ఖా సర్దుకుని నర్సు రూతు బల్ల దగ్గరికి నడిచింది.

"ఆపరేషన్ కాగితంలో సంతకం ఎవురు పెట్టినారమ్మా?"

"వాళ్ళాయన పెట్టినాడు."

"ఆపరేషన్ ఆయనకా?"

"కాదు, ఆమెకే."

"మరి ఆయనకి గర్భసంచి ఉండాదా?"

పక్క మంచం మీది బాలింత నవ్వు ఆపుకోలేక కుట్లు పట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ మునిప్రసాద్ మొహం చిన్నబోయింది. పాపం, అతనిదీ భయమే.

"యాడ పెట్టమంటే ఆడ పెట్టినా చిన్నమ్మా. అంతా ఇంగ్లీషులో ఉండె. ఆమె బతికితే చాలనుకున్నా" అన్నాడు.

"సూడమ్మా," అంది దిల్షాద్ బీ రూతుతో, "మా పెండ్లిలో ముక్కూమొగం తెలీని మొగోడికిచ్చేదానికే పిల్లని మూడుసార్లు అడగతారు. ఒంట్లో ఉండేది కోసి తీసేదానికి ఒక్కసారి కూడా అడగరా?"

రూతు మంచి మనిషి. కాసేపు ఆలోచించి, గోడకు వేలాడుతున్న దేవుడి క్యాలెండరును పక్కకు జరిపింది. దాని వెనక దుమ్ము పట్టిన బోర్డు ఒకటి బయటపడింది. పైన 'రోగుల హక్కులు' అని తెలుగులో రాసి ఉంది. జబ్బేమిటో, చికిత్స ఏమిటో తెలుసుకునే హక్కు. అర్థమయ్యేలా చెప్పించుకుని ఒప్పుకునే హక్కు, వద్దనే హక్కు. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు. తన కాగితాల నకళ్ళు అడిగే హక్కు. దిల్షాద్ బీ ఒక్కో వరుసా పైకి చదివింది. ఎన్నేసిసార్లు చదివిందో చెప్పనక్కర్లేదు.

మూడో చదువుకి డ్యూటీ డాక్టరు లోహిత పరిగెత్తుకొచ్చింది. సంగతి విని, కుర్చీ లాక్కుని రేవతి పక్కన కూర్చుంది.

"తప్పు మాదేనమ్మా. మీరు తెలివిలో ఉన్నారు, పద్దెనిమిదేళ్ళు దాటినవారు. మీకు చెప్పి, మీ సంతకమే తీసుకోవాలి. ఇప్పుడు చెప్తాను, వినండి" అని మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. బోర్లించిన జామకాయ లాంటి సంచి, అందులో ఉసిరికాయంత గడ్డ.

"స్కాన్‌లో చెడ్డ గడ్డలా లేదు. చిన్న పరీక్ష ఒకటి చేసి తేల్చుకోవచ్చు. ఆ తర్వాత మూడు దారులున్నాయి."

"మూడా!" అంది దిల్షాద్ బీ, ఈ డాక్టరు మీద గౌరవం కలిగి.

"మందులు వాడి చూడొచ్చు. లోపల చిన్న సాధనం పెట్టొచ్చు. లేదంటే ఆపరేషన్."

రేవతి బొమ్మను కాసేపు చూసింది. తర్వాత పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఒక డాక్టరును ప్రశ్న అడిగింది.

"మేడం, మా ఫ్యాక్టరీలో కాయకి మచ్చుంటే మచ్చ కోసి పారేస్తాము. కాయంతా పారేస్తామా?"

లోహిత నవ్వేసింది. "అదీ ఒక పద్ధతేనమ్మా. గడ్డ ఒక్కటే తీయొచ్చు. కానీ మీకు ఇప్పుడే ఏదీ కొయ్యాల్సినంత తొందర లేదు. ముందు ఒంట్లో రక్తం పట్టాలి. కాగితాల నకళ్ళిస్తాను, తిరుపతిలో ఇంకొకరికి చూపించుకోండి. ఇప్పుడు చెప్పండి, రేపు ఆపరేషన్ చేయించుకుంటారా?"

"వద్దు మేడం."

"ఇంకో రెండుసార్లు అడుగమ్మా" అంది దిల్షాద్ బీ.

లోహిత అడిగింది. రెండుసార్లూ వద్దనే వచ్చింది. రెండో వద్దు మొదటిదానికంటే గట్టిగా, మూడోది వార్డంతా వినబడేలా వచ్చింది.

తిరుపతి డాక్టరు పరీక్ష చేయించి భయం లేదని చెప్పి మందులిచ్చింది. ఆరు నెలలకు రేవతి మొహంలో రక్తం తిరిగింది, మళ్ళీ బెల్టు దగ్గర నిలబడింది. ఆదివారం రమ్మన్న సూపర్వైజరుకు వద్దని చెప్పింది. ఒక సాయంత్రమైతే దిల్షాద్ బీ ఇచ్చే టీని వరసగా మూడుసార్లు వద్దంది. దిల్షాద్ బీ ఓడిపోవడం ఆ వీధి చూడటం అదే మొదలు. ఓడి, లోపలికెళ్ళి, మిషను తొక్కుతూ తనలో తనే నవ్వుకుంది.

మరుసటి ఏడు దిల్షాద్ బీ కంటికి శుక్లం వచ్చింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు కాదు, ముప్పైసార్లు ప్రయత్నిస్తోంది. సుల్తాన్ సాహెబూ రేవతీ ఆమెను తిరుపతిలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నర్సు కాగితం అందించడమే తరువాయి, దిల్షాద్ బీ చదవలేదు, అడగలేదు, కలం తీసుకుని సంతకానికి వంగింది.

రేవతి కాగితం లాగేసుకుంది. "చిన్నమ్మా, ఆపరేషన్ నీకు ఇష్టమేనా?"

"ఇష్టమేలే, ఇయ్యి."

"నిజంగా ఇష్టమేనా?"

"ఒకసారి చెప్తే తెలీదా? ఎన్నిసార్లు అడగతావే!"

ఆ మాట వినడానికి నలభై ఏళ్ళు కాచుకున్న సుల్తాన్ సాహెబు పైకప్పు వైపు రెండు చేతులూ ఎత్తాడు.

"మనసులో మాట చెప్పు," అంది రేవతి ఆమె చెయ్యి పట్టుకుని. "ఇష్టమేనా?"

దిల్షాద్ బీ కలం కింద పెట్టేసింది. "కంట్లో కత్తి అంటే భయంగా ఉండాది బిడ్డా" అంది. "నన్నెవురూ మూడోసారి అడగలేదు ఇంతవరకూ."

"నిఖాలో అడిగినారు కదా చిన్నమ్మా!"

"యాడ అడిగినారు? వకీలు ఒకసారి అన్నాడు. నేను గొంతు సవరించుకునే లోపల మా మేనత్త నా తల పట్టుకుని వంచేసింది. ఒప్పుకునిందని బయట ఖర్జూరాలు పంచేసినారు. నాకు పదిహేడేండ్లు. మిగతా రెండుసార్లూ ఎవురన్నా వచ్చి అడగతారేమోనని సాయంత్రం దాకా కూర్చున్నా."

రేవతికి అప్పుడు అర్థమైంది. ఎవరి తలా ఎవరూ పట్టి వంచకూడదనే ఈ మనిషి టీకీ, కూరకీ, రవిక మెడకీ వీధి మొత్తాన్ని అడిగి అడిగి విసిగించింది. ఆ విసుగంతా ఇప్పుడు తీపిగా తోచింది.

కంటి డాక్టరు బాలచంద్ర వచ్చి, చుక్కలు వేసి కన్ను మొద్దుబారుస్తారనీ, పావుగంటలో అయిపోతుందనీ, మర్నాడు కట్టు విప్పుతారనీ నిదానంగా చెప్పాడు. ఆమె అన్నీ విని, ఒప్పుకుని, కాగితం కుడిచివర మొదలుపెట్టి ఉర్దూలో సంతకం చేసింది.

సుల్తాన్ సాహెబు మనసు ఇంకా ఆ ఖర్జూరాల దగ్గరే ఉంది. మంచం దగ్గరికి వచ్చి, టోపీ సర్దుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"దిల్షాద్ బేగం, ఖుబూల్ హై?"

దిల్షాద్ బీ ఉలిక్కిపడింది. అరవై దగ్గరపడిన మొహం ఎర్రబడింది. "ఖుబూల్" అంది.

"ఖుబూల్ హై?"

"ఖుబూల్."

ఆయన మూడోసారి అడిగేలోపే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండయ్యా. మూడోది రేపు కట్టు విప్పినాక, నీ మొగం సరిగ్గా సూసి చెప్తా."

మర్నాడు కట్టు విప్పే వేళకి సుల్తాన్ సాహెబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గడ్డం మూడుసార్లు దువ్వుకుని, ఆమె మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.