పుస్తకాల జాడ చెప్పే పుస్తకం

రంగూన్‌లో తామ్వే అనే పేటలో మా ఇంటికి ముందుగది బైండింగు షాపు, వెనకగది సంసారం. జిగురు వాసన, కూర వాసన ఎప్పుడూ కలిసే ఉండేవి. మా మావగారు గంజాం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఈ పని నేర్చుకున్నాడు, కొడుక్కి నేర్పాడు. మిలిటరీ వాళ్ళొచ్చి షాపులు లాక్కున్నాక మనవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. మా దగ్గర లాక్కోడానికి ఏముంది? ఒక కత్తి, నాలుగు సూదులు, పుస్తకాన్ని బిగించే చెక్క ప్రెస్సు. ఉండిపోయాం. మా ఆయన పోయి ఇన్నేళ్ళయినా జిగురుకి మైదా ఉడికే వాసన తగిలితే వెనక్కి తిరిగి చూస్తాను. పిచ్చిదాన్ని.

ఆ రోజుల్లో బయటిదేశం పుస్తకం ఊళ్ళోకి రావడమే లేదు. ఉన్నవాటినే ఊరంతా తిప్పితిప్పి చదివేది. వీధికొక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. వాటి పనే మాకు కూడు పెట్టింది. లావు పుస్తకం వస్తే మా ఆయన దాన్ని రెండుగా చీల్చి రెండు అట్టలు వేసేవాడు. ఒకడు మొదటి సగం చదువుతుంటే ఇంకొకడు రెండోది అద్దెకు పట్టుకెళ్ళొచ్చు, కొట్టువాడికి లాభం. ఇక చదివేవాళ్ళు ఊరుకుంటారా? అంచుల్లో పెన్సిలుతో రాసేస్తారు. ‘ఈ పిల్లని నమ్మకు’, ‘చివర్లో వీడు చస్తాడు’ అని. అందుకని మూడు వైపులా బాగా లోపలికి కోసేసేవాడు. అంచు తళతళలాడితేనే ఆయనకు పుస్తకం. నేను ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, కుట్టేదాన్ని. నాకు అక్షరం అంతంతమాత్రం, కుట్టడానికి అక్షరం అక్కర్లేదు.

ఒక వానాకాలం ఒక సయామ వచ్చింది. సయామ అంటే బర్మా మాటలో టీచరమ్మ. తాకేటా పేటలో స్కూల్లో ఇంగ్లీషు చెబుతుందట. బర్మా పిల్లే గాని తెల్లగా పాలిపోయినట్టుంటుంది, కళ్ళు పిల్లికళ్ళు. వాన చుక్క పడకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టుకుని లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. వెన్ను చెదలు తినేసింది, ఫారాలు ఊడిపోతున్నాయి.

“ఏటి పుస్తకం సయామా? నవలా?” అన్నాడు మా ఆయన.

“కాదు ఊలే.” ఊలే అంటే బాబాయి అని. “యుక్రెయిన్ అని ఒక దేశం ఉంది. ఆ దేశం గురించి ఇంగ్లీషులో ఎవరెవరు ఏ పుస్తకాలు రాశారో, ఏ పుస్తకంలో ఏముందో చెప్పే పుస్తకం.”

“అంటే కతలు నేవా దీన్లో?”

“కథలున్న పుస్తకాల సంగతి ఉంది.”

ఆయన నావైపు తిరిగాడు. “ఓలె, ఇన్నావా? పెళ్ళిళ్ళ పేరయ్యలాటి పుస్తకం ఇది. పిల్లని సూపించడు, పిల్ల గుణం సెప్తాడు!”

నేను నవ్వితే ఆ పిల్ల ఏమిటని అడిగింది. బర్మా మాటలో చెప్పాను. తనూ నవ్వింది. “అంతే డోలే,” అంది. డోలే అంటే పిన్ని. “ఆ పుస్తకాలు ఒక్కటీ రంగూన్‌లో దొరకవు. గుణం విని ఊరుకోవడమే.”

“రష్యావోళ్ళ ఊరా అది?” అన్నాడు ఆయన.

“మా అమ్మ దగ్గర అలా అంటే గిన్నె విసిరేసేది,” అంది.

వాళ్ళ నాన్న ఇంజినీరు చదువుకు వెళ్ళి అక్కడి పిల్లని చేసుకుని తెచ్చాడు. ఆ తల్లికి ఇక్కడ తన భాష మాట్లాడేవాళ్ళు లేరు. దేశం విడిచి వెళ్ళిపోతున్న దొర ఎవరో ఇంట్లోవన్నీ అమ్మేస్తే, ఈ పుస్తకం పాన్సోడాన్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద ఆమె కంటబడింది. పోయేదాకా అది ఒళ్ళో పెట్టుకునే కూర్చునేదట. ఆమె పోయి అప్పటికింకా ఏడాది తిరగలేదు.

పిల్ల పుస్తకం ఇచ్చి వెళ్ళింది. మా ఆయన చెయ్యి అలవాటు ప్రకారమే నడిచింది. లావు పుస్తకం కదా, రెండుగా చీల్చాడు. మొదటి సగం నేను కుట్టాను. అంచుల నిండా పెన్సిలు రాత. “సూడే, సదువుకున్నోళ్ళు కూడా మన అద్దెకొట్టు గిరాకీల్లాగే తగలడ్డారు,” అన్నాడు. ప్రెస్సులో బిగించి వేలెడు మందాన కోసేశాడు. కోసిన పీలికలు ఎప్పట్లాగే నాకు వచ్చాయి. మాలో చిత్తుకాగితం పారెయ్యం కదా, నానబెట్టి మెంతులు వేసి రుబ్బి వెదురు చాటలకు పులుముతాం. గింజ జారదు, పురుగు పట్టదు. పీలికల్లో కొన్ని అప్పుడే రుబ్బి ఒక చాటకు పులిమాను. మిగతావి బాల్చీలో నానుతున్నాయి.

రెండో రోజు మధ్యాహ్నం స్కూలు వదిలాక పిల్ల పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చింది. మా ఆయన గొప్పగా మొదటి సగం చేతికిచ్చాడు. అద్దంలా ఉంది అంచు. ఆ పిల్ల పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. కోసిన అంచు వేలితో తడిమింది.

“ఊలే, అమ్మ రాసింది ఏదీ?”

మా ఆయనకు అప్పుడర్థమైంది. అరవలేదు ఆ పిల్ల. అరిచినా బాగుండేది. అది తప్ప తల్లి చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదని మెల్లగా చెప్పింది. తల్లి ప్రతి పుస్తకం సంగతి దగ్గరా పక్కన తన భాషలో ఏదో రాసుకునేదట. అక్షరాలు కూతురికి నేర్పింది, కూడబలుక్కుంటే చదవగలదు. ఏడుపు ఆగాక ఒక్కొక్కటే చదువుదామని దాచుకుందట.

“మావా, బాల్చీ!” అన్నాను నేను.

నీళ్ళల్లో చెయ్యి పెట్టి ఒక పీలిక తీశాను. కాగితం మెత్తబడింది గాని పెన్సిలు కదా, రాత పోలేదు. సిరా అయ్యుంటే నీళ్ళు నీలమయ్యేవి. అప్పుడు గాని ఆ పిల్లకు ఏడుపు రాలేదు. మా ఆయన గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

చాటల్లో పరిచి పొయ్యి సెగకు ఆరబెట్టాం. తర్వాత ఆ పిల్ల రోజూ స్కూలు వదిలి మా ఇంటికే వచ్చేది. పీలిక పట్టుకుని అచ్చులో ఏ సంగతి పక్కదో వెతికేది, మా ఆయన పల్చటి కాగితం వెనకవేసి జిగురుతో అతికేవాడు, నేను టీ పోసేదాన్ని. పీలిక అతికే ముందు చదివి మాకు చెప్పేది. ఎంత బాగుండేదో ఆ కూర్చోవడం! మేం ఏనాడూ చూడని దేశం, వాళ్ళ గోధుమ చేలు, వాళ్ళ పాటలు, దొరకని పుస్తకాల గుణాలన్నీ మా ఇంట్లో కూరలు తరుగుతూ విన్నాం. కుట్టుపని మీద ఎవరో రాసిన పుస్తకం ఉందట. దాని పక్కన తల్లి, ‘మా మేనత్త చేతి కుట్టు ముందు ఇదెంత’ అని రాసిందట. అక్కడి పల్లెల గురించి ఒక దొర రాసిన పుస్తకం పక్కన, ‘ఈ పెద్దమనిషి మా ఊరికి ఎండాకాలమే వచ్చినట్టున్నాడు, చలికి వస్తే ఇలా రాయడు’ అని.

మా ఆయన పడీపడీ నవ్వాడు. “ఓలమ్మో, ఆయమ్మ ఉండాల్సింది. మన షాపులో కూకోబెట్టి అన్ని పుస్తకాలకీ అంచులో రాయించేద్దుం.”

“అప్పుడు అంచు కోస్తావా?” అన్నాను.

“సచ్చినా కొయ్యను,” అన్నాడు.

రెండు సగాలూ మళ్ళీ కలిపి ఒకే అట్టలో పెట్టాడు. అతుకుల అంచు, ఎగుడుదిగుడుగా ఉబ్బిపోయి, దాన్ని చూస్తే ఆయనకు కంపరం. అయినా కత్తి తియ్యలేదు. కొన్నిచోట్ల అంచు ఖాళీగానే ఉండిపోయింది. అవి నేను మొదట రుబ్బేసినవి.

పుస్తకం తీసుకున్న రోజు ఆ పిల్ల గోడకు ఆనించిన చాట వైపు చూసింది.

“అది నాకిస్తావా డోలే?”

“చాటెందుకే తల్లీ నీకు? బియ్యం చెరుగుతావా?”

కాగితం గుజ్జు పులిమిన చోట అరచేత్తో నిమిరింది. ఇచ్చేశాను. ఒక చంకలో పుస్తకం, ఇంకో చేతిలో వెదురు చాట, ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ తాకేటా బస్సెక్కింది. జనం చూసి నవ్వారు. బస్సు మలుపు తిరిగేదాకా మా ఆయన వానలోనే నిలబడ్డాడు. లోపలికొచ్చి తల తుడుచుకుంటూ అన్నాడు.

“ఆ అంచు సూసి ఇది ఎవుడి బైండింగని అడుగుతారేమోనే.”

“అడగనీ,” అన్నాను.